దాదీ కలలో కొంగ

"కలల విరిగిన వంతెన కనబడ్డది. దాని మీద తెల్ల కొంగ. పక్కనే మన అదీబ్ నిలబడి చెయ్యి చాపిండు," అని దాదీ అజ్మతున్నీసా కళ్లొత్తుకుంటూ చెప్పింది. ఇంట్లో అందరూ మాషా అల్లా అన్నారు. మనవరాలు అనంకు మాత్రం ఒళ్లు మండింది.

అదీబ్ వాళ్లింటి నుంచి అనంకు పెళ్లి రిష్తా వచ్చింది. అలాంటప్పుడు ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఇస్తిఖారా నమాజు చేసి, దారి చూపమని అల్లాను అడిగి పడుకుంటారు. కల మంచిదైతే అదీబ్, కాకపోతే పేట్ బషీరాబాద్ మెడికల్ షాపు సంబంధం అని అబ్బా ముందే తేల్చేశాడు. కల మంచిదే వచ్చింది. మరీ మంచిది వచ్చిందనే అనం అనుమానం. ఎందుకంటే ఆ వంతెనా, ఆ కొంగా 'ఉప్పు సింహాసనం' నవలల్లోవి.

అవి ఆరు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు. డిగ్రీ రోజుల్లో మేడ్చల్ బస్సులో సీటు కోసం తనతో పోట్లాడి ఓడిపోయిన అదీబ్ చేతిలో అనం మొదటిదాన్ని చూసింది. ఒక్కొక్కటీ అప్పడిగి అన్నీ చదివేసింది. ఈ చలికాలం ఏడోది వస్తుందని ఇద్దరూ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు.

కొంగ విరిగిన వంతెన మీద వాలిన నాడు అనాథ రాజవుతాడని అందులో ఒక జోస్యం. మొదటిసారి అనం దాన్ని నమ్మి ఏడ్చింది కూడా. రెండోసారి చదివినప్పుడు దొంగ దొరికాడు. జోస్యం బయటపడకముందే, సోది చెప్పే ముసలమ్మ గుడిసెలోంచి మంత్రి తల వంచుకుని బయటికి వస్తాడు. మొదటిసారి కంటపడని ఒక్క వాక్యం! ముసలమ్మకు ఆ జోస్యం నేర్పింది వాడే. అప్పటినుంచి అనం ఏ జోస్యాన్నీ నమ్మడం మానేసింది. ఇప్పుడు ఆ మంత్రి పని అదీబే చేశాడని తీర్మానించుకుని, అత్వెల్లి బస్సెక్కింది.

అదీబ్ నడిపే కోళ్ల దాణా షాపు ముందు ఆమె దిగేసరికి వాన దంచుతోంది. తడిసి ముద్దయిన పిల్లను చూసి అతను గబగబా తువ్వాలు తెచ్చాడు. ఆమె తీసుకోలేదు.

"మా దాదీకి ఎంత నేర్పినవ్?"

"ఏంది నేర్పింది?"

"కొంగ! వంతెన! దాదీ కలల గవే కనబడ్డయంట. యాక్టింగ్ చెయ్యకు అదీబ్. మొన్న ఈద్‌కు వచ్చి దాదీ పక్కన గంటసేపు గుసగుసలాడినవ్ గద."

"షుగర్ గోళీలు ఎప్పుడేసుకోవాల్నో చెప్పిన."

"గంట సేపా?"

"మస్తు గోళీలున్నయ్ మరి."

నవ్వు రాబోయింది అనంకు. గట్టిగా ఆపుకుంది. తనను కోరి రావాల్సినవాడు కలను ముందు నడిపించి వెనక వచ్చాడన్న కోపం ఇంకా పోలేదు.

అదీబ్ తువ్వాలు అలాగే చాపి ఉంచాడు. "ఆ కొంగ ముచ్చట మీ ఇంట్ల ఇంకెవరికి ఎరుక?"

"ఎవ్వరికి ఎరుక లేదు. పగటీలి దాదీ బియ్యంల రాళ్లేరుతుంటే నేనే..." అనం ఆగిపోయింది.

ఆరు పుస్తకాలూ, ఒక్క అధ్యాయం వదలకుండా, తమ భాషలోకి మార్చి దాదీకి చదివి చెప్పింది తనే.

"అయితే మంత్రివి నువ్వే," అన్నాడు అదీబ్. కానీ నవ్వలేదు. "పద, పోయి దాదీకి చెప్దాం."

"పిచ్చా? చెప్తే రిష్తా పోతది!"

"జోస్యంతోని రాజైనోడు ఆరు పుస్తకాలు నిద్ర లేకుండ బతికిండు. నాకు గా బతుకొద్దు, అనం. నువ్వు నా పక్కన కూసున్నప్పుడల్లా కొంగకే హా అన్నదా, నాకా అని అనుమానపడుకుంట ఉండలేను."

ఇన్నాళ్లూ అనుమానమంతా తన సొత్తే అనుకున్న అనంకు సిగ్గేసింది. తువ్వాలు అందుకుంది.

ఇంటికి పోయాక అదీబే దాదీ ముందు మోకాళ్ల మీద కూర్చుని అంతా చెప్పాడు. చేతిలోని తస్బీ పూసలు ఆపేసింది దాదీ.

"అంటే నాకు అల్లా చూపించింది గాదా? ఈ పిల్ల చదివిందే కనబడ్డదా? తౌబా!" అని చెంపలేసుకుని, అనం వైపు తిరిగింది. "ఇగ నా ఇస్తిఖారా లెక్కల లేదు. పెండ్లి చేసుకునేది నువ్వు గదనే, నువ్వే చెయ్. అందాక అదీబ్, నువ్వు ఇంటికి పో బేటా."

అదీబ్ తలూపి, అనం మొహం చూడకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న షాపు షటర్ ఎత్తుతుండగా అతనికి అనం ఫోన్ చేసింది.

"ఏం కనబడ్డది?" అన్నాడు, సలాం కూడా మరిచిపోయి.

"ఏం కనబడలె."

"అంటే... వద్దనా?"

"కన్ను మూతపడితే గద కల వచ్చేది. తెల్లారేదాక మేలుకునే ఉన్న. కల రాకపోయినా ఏం గాదు, మనసు ఎటు మొగ్గితే అదే జవాబని దాదీ అన్నది. నా జవాబు విని పేట్ బషీరాబాదోళ్లకు అబ్బా ఫోన్ చేసి వద్దన్నడు."

హైవే మీద లారీల మోతలో అదీబ్ ఫోన్ చెవికి గట్టిగా ఒత్తుకున్నాడు.

"అనం, నిజంగనా? దాదీ నేర్పిందా గీ మాట?"

"ఎవ్వరు నేర్పలె," అంది అనం. "నాకే కావాలె నువ్వు."