హోటల్ పైన కాపురం

"నెమలి ఈ బిల్డింగ్‌లోనే ఉంది," అన్నాడు చీఫ్, బ్లూప్రింట్ పరుస్తూ. "మనకీ పనిచేస్తుంది, విదేశీ ముఠాకీ పనిచేస్తుంది. ఆ మారుపేరు తప్ప మొహం ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం కింది హాల్లో శాంతి ఒప్పందం. అక్కడ బాంబు పేలకూడదు."

"పై ఫ్లోర్లు, సార్?"

"కింద హోటల్, పైన అపార్ట్‌మెంట్లు. దేని లిఫ్టు దానిదే. నీ ఇల్లూ పైనేగా, నీకు తెలీదా? కింద చూసుకో చాలు."

ఏజెంటు వెయిటర్ వేషం కట్టాడు. ట్రాన్స్‌మిటర్ బో టైలో ఉంది. అతిథులు కూర్చున్నారు. ట్రే పట్టుకుని తిరుగుతున్నవాడు గోడ దగ్గర ఆగిపోయాడు. ఆ గోడ వెనకే హోటల్ లాండ్రీ.

ఒకప్పుడు బిల్డింగంతా హోటలే. బేరం తగ్గాక ఓనరు పై సగాన్ని ఫ్లాట్లుగా అమ్మేశాడు. మాసిన దుప్పట్లు లాండ్రీలోకి జారవిడిచే గొట్టానికి ప్రతి అంతస్తులోనూ గోడ కట్టించాడు. మేస్త్రీ ఒక్కచోట మరిచిపోయాడు. అది ఏజెంటు ఇంట్లో, బీరువా వెనక. కొత్తకాపురంలో భార్యే కనిపెట్టి, అతని సాక్సు అందులో పడేసి పగలబడి నవ్వింది. హోటల్‌వాళ్లు వాటిని ఉతికి, ఎవరివో తెలీక నోటీసు బోర్డుకి తగిలించారు. ఆ రహస్యం వాళ్లిద్దరికే తెలుసు. అందులోంచి బాంబు జారవిడిస్తే సరిగ్గా ఈ హాలు గోడ వెనకే పడుతుంది.

వీధిలోకి పరిగెత్తి, అవతలి లిఫ్టెక్కి, తన ఫ్లాటు తాళం తీశాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీడు పట్టాడు, పట్టినందుకు ఏడుపొచ్చింది.

బీరువా పక్కకి జరిగి ఉంది. భార్య పెళ్లికి వెళ్లేంత ముస్తాబులో, ఒక చేత్తో గడియారం బిగించిన బాంబు పెట్టె, ఇంకో చేత్తో పిస్టల్ పట్టుకుని నిలబడింది.

"భోజనానికొచ్చారా?" అంది, అలవాటుగా.

"ఈ కన్నం నువ్వు కనిపెట్టిందే కదా."

"కనిపెట్టలేదు, వెతికాను. ఈ ఫ్లాట్ కోసమే మిమ్మల్ని చేసుకున్నాను."

"ఆ రోజు నవ్వావు..."

"అది నిజమే," అంది. "అడ్డు రాకండి."

అతను వెళ్లి గొట్టం నోటికి వీపు ఆనించి నిలబడ్డాడు. "నన్ను దాటి పడెయ్."

ఆమె గురిపెట్టింది. కాల్చలేకపోయింది. అతను పెట్టె లాక్కుని వైరు పీకాడు. గడియారం ముల్లు పేలుడు గీతకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. అతను బేడీలు వేస్తుంటే ఆమె చేతులు తనే ముందుకు చాపింది. ఇద్దరూ ఏడుస్తున్నారు.

బో టై గరగరలాడింది. "నెమలి దొరికిందా?"

"దొరికింది సార్. పైన ఒక ఫ్లాట్లో."

"శభాష్! అక్కడ ఎవరుంటారు?"

"ఇప్పటిదాకా ఇద్దరం సార్. ఇకమీదట నేనొక్కణ్ణే."