స్టాన్లీ చెప్పిన స్పీకర్లు

"కమిషన్ ఎంత తిన్నావప్పా స్టాన్లీ?"

సంఘపెద్ద జేమ్స్ గుమ్మంలో నిలబడే అన్న ఆ మాటకు వంటింట్లో ఉన్న కృప చేతిలో పని ఆపేసింది! ఇరవై ఏళ్లుగా యలహంకలో ఎవరు పాటల సెట్టు కొనాలన్నా ముందు ఆమె భర్త స్టాన్లీనే అడుగుతారు. "ఆంప్లిఫయరు సెకండ్‌హ్యాండుదైనా నడుస్తాది, దుడ్డంతా స్పీకర్లలో పెట్టండప్పా. వైరుకేమి, నగర్తపేట అంగళ్లలో దొరికే మామూలు రాగి వైరు చాలు" అని ఉన్నదున్నట్టు చెప్పి పంపడమే గాని, ఒకరి దగ్గర కాఫీ కూడా ఆశించి ఎరగడు. అలాంటి మనిషి మీదనా ఈ నింద!

"చర్చిలో నువ్వు పెట్టించిన స్పీకర్లు చెవుల్లో సూదులు గుచ్చినట్ల ఉండాయి. ముసలోళ్లు ఆరాధన మధ్యలోనే లేచి పోతా ఉండారు. నాసిరకం అంటగట్టినావంటా ఉండారు జనం. ఈ ఆదివారానికి సరి చెయ్యి, లేకుంటే పీకేస్తాము!"

"స్పీకర్లు మంచివే అన్నా..." అన్నాడు స్టాన్లీ, తల దించుకుని.

జేమ్స్ వెళ్లిపోయాక కృప భర్త వెనకగా వచ్చి, "ఏమండీ, ఆ తిప్పలేవో వాళ్లనే పడమంటే పోదా?" అంది. జవాబు లేదు. రెండేళ్లుగా ఇదే వరస! పిలిస్తే పలకడు, చెబితే వినిపించుకోడు. తానంటే మొహం మొత్తిందనుకుని ఎన్నిసార్లు కొంగులో మొహం దాచుకుందో ఆ దేవుడికే తెలుసు... ఇంతలో పొయ్యిమీద కుక్కరు విజిల్ వేసింది. ఒకటి, రెండు, మూడు... వంటింటి గుమ్మం పక్కనే కూర్చున్న మనిషి ఉలకలేదు! కృప చేతిలోని గరిటె పక్కన పడేసింది. పరుగున వెళ్లి భర్త మొహం రెండు చేతులా పట్టుకుంది.

"మీకు... వినబడటం లేదు కదూ?"

స్టాన్లీ కళ్లు నిండిపోయాయి. "లావు గొంతులు తెలుస్తాయి కృపా. సన్న శబ్దాలే పోయినాయి. నరం ఎండిపోతా ఉండాదంట, చెవికి మిషన్ పెట్టినా అంతంత మాత్రమేనన్నాడు డాక్టరు. చెవిటోణ్ణి ఎవురన్నా సలహా అడుగుతారా, చెప్పు?"

"నన్ను వద్దనుకున్నారనుకున్నానండీ!" అంటూ అతని గుండెలమీద కొట్టి కొట్టి ఏడ్చింది కృప. "కట్టుకున్నదానికి చెప్పుకోకూడని కష్టం ఉంటుందా!"

మర్నాడు శనివారం. ఖాళీ చర్చిలో ఇద్దరే. "మీ చేతులు, నా చెవులు... సరి చేద్దాం రండి" అని కృప మైకు ముందు నిలబడి, ఆదివారాల్లో తాను పాడే పాట ఎత్తుకుంది. అమ్మో, ఎంత కీచుగా ఉందో! అరచేతితో తగ్గించమని సైగ చేసింది. స్టాన్లీ సన్న శబ్దాల మీట తిప్పాడు. ఇంకొంచెం... ఇంకొంచెం... నాలుగోసారి అతని చెయ్యి ఆగిపోయింది. చెంపలమీద నీళ్లు!

"నువ్వు పోతా ఉండావు కృపా..." అన్నాడు. "ఎక్కువ పెట్టినానని నాకు తెలుసు. కానీ అంత పెడితేనే నీ గొంతు నాకు అందేది. వారానికి ఒక్క పాట... ఇనాలని ఆశపడినా. తప్పే చేసినా."

కృప అతని చెయ్యి పట్టుకుంది. ఇరవై ఏళ్ల మంచిపేరు పోతున్నా సరే, తన పాట కోసం దొంగలా మాటలు పడ్డాడా ఈ పిచ్చి మహారాజు!

"అలాగే ఉంచండి! పోయేవాళ్లు పోనీ!" అంది వెక్కుతూ, అతని ఎదుట నిలబడి.

"వద్దు. ముసలోళ్లు కూర్చొని పాట ఇనాల. ఎంత తగ్గించాలో చూపించు."

పైట నోటికి అడ్డం పెట్టుకుని, ఆ ఇల్లాలు అరచెయ్యి ఇంకా కిందికి దించింది...

ఆదివారం ఒక్కరూ లేవలేదు. జేమ్స్ వచ్చి "క్షమించప్పా, తొందరపడినా" అని భుజంమీద చెయ్యి వేశాడు. చివరి పాటగా కృప వాయిద్యాలేవీ లేకుండా పాడుతుంటే, స్టాన్లీ ముందు వరసలో కళ్లు మూసుకుని, తనకు తెలిసిన పాటే కాబట్టి, మెల్లగా తాళం వేస్తూ కూర్చున్నాడు. పాట అయిపోయింది. చర్చి అంతా నిశ్శబ్దం. అతని చెయ్యి మాత్రం మోకాలిమీద ఇంకా ఆడుతూనే ఉంది!

జనం అతని వైపు తిరిగి చూసేలోపు, కృప చివరి చరణం మళ్లీ ఎత్తుకుంది.