మూడో మానిటర్

పొద్దున్నే మూడో మానిటర్ ఇంటికొచ్చింది. మొదటిది తెర మెరుస్తోందని వెనక్కి వెళ్లింది. రెండోది నీలి కాంతి తగ్గిస్తుందని తెచ్చారు, కోడలి కళ్ల మంట మాత్రం తగ్గలేదు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏది మొరాయించినా పార్టు మారిస్తే దారికొస్తుందని అతని నమ్మకం.

కోడలు ఇంట్లోనే కూర్చుని బడి పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతుంది. అనుమానం వచ్చిన వాక్యం పైకి చదివి, "అత్తయ్యా, బాగుందా?" అని అడిగేది. ఎదురుగా కుర్చీలో బొత్తాలు కుట్టుకుంటున్న అత్తగారు తలైనా ఎత్తకుండా, "బాగాలేదు, తిరగరాయి" అనేవారు. అన్ని వాక్యాలకూ అదే తీర్పు.

ఆవిడ పోయిన దగ్గర్నుంచి కోడలు తప్పులు వదిలేస్తోంది. ఇంకోసారి ఇలా అయితే పని వేరేవాళ్లకిస్తామని ప్రెస్సువాళ్లు మర్యాదగానే చెప్పారు. సరేనంది. ఆమెకు ఏమీ అనిపించలేదు. అత్తగారు పోయిన రోజూ అంతే, కళ్లు తడవలేదు.

"ఇది కళ్ల డాక్టర్లే వాడతారట," అన్నాడు భర్త, వైర్లు బిగించి. "అక్షరాలు ఎంత హాయిగా ఉన్నాయో చూడు."

ఆమె కూర్చుని చూసింది. "మండుతున్నాయి."

"ఇప్పుడేగా కూర్చున్నావు?"

"ఇదీ ఇచ్చేయండి. నేనే పని మానేస్తాను. గొడవ వదిలిపోతుంది."

"అంత ఇష్టంగా చేసుకునే పని ఇంత తేలిగ్గా మానేస్తావా? కనీసం కోపమైనా రాదేం నీకు?" అతని గొంతు లేచింది. "లే, నన్ను చూడనీ."

అతను కూర్చున్నాడు. అక్షరాలకంటే ముందు తెరలో వెనకాల కిటికీ, దాని మధ్య తన ముఖం కనిపించాయి. కర్టెన్ లాగి చూశాడు. గది చీకటైపోయి తెర వెలుగు కళ్లలో గుచ్చుకుంది.

"బల్ల ఎప్పుడు తిప్పావు? కిటికీ పక్కకుండేది కదా?"

"అత్తయ్య పోయాక."

"ఎందుకు?"

"అటు కూర్చుంటే ఆవిడ కుర్చీ కనిపిస్తుంది." బట్టలు ఆరాయని చెప్పినంత మామూలుగా చెప్పింది.

అతను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు. "నాతో అనొచ్చుగా."

"ఏమని? అమ్మను పోగొట్టుకున్నది మీరు. నావి ఉత్తి కళ్ల మంటలే అనుకున్నాను."

మామగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. భార్య పోయాక ఆయన ఈ గదిలోకి రావడమే మానేశారు. ఇప్పుడు నేరుగా లోపలికొచ్చారు. "బల్ల ఆ వైపు పట్టుకోరా," అన్నారు కొడుకుతో.

బల్ల పాత చోటికి చేరింది. మామగారు పేపరు తెచ్చుకుని ఆ కుర్చీలో కూర్చున్నారు. అది ఆయనకు ఇరుకు. అయినా సర్దుకున్నారు.

"నీ పని నువ్వు చూసుకో అమ్మాయ్."

ఆమె దిద్దడం మొదలుపెట్టింది. పేజీ తిరిగింది, కళ్లు ఊరుకున్నాయి. ఒక చోట ఆగింది.

"మామయ్యా, 'వాన పడితే నేల తడుస్తుంది, ఎందుకనగా అది వాన గనుక.' బాగుందా?"

ఆయన పేపరు దించలేదు. "బాగాలేదు, తిరగరాయి."

పక్క గదిలోంచి ఇన్నేళ్లూ ఆయన వింటూనే ఉన్నారని ఆమెకు అప్పుడు తెలిసింది. తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. బల్ల మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. పేపరు వెనకాల ఆయన భుజాలూ కదులుతున్నాయి. భర్త వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఈసారి తప్పు మానిటర్‌దని ఎవరూ అనలేదు.