కాగితం రెండో వైపు

ఆ రోజు తెల్లారేసరికి ఆకాశమంతా మబ్బు కమ్ముకుని ఉంది. కురిసేదీ కాదు, కదిలేదీ కాదు. ఇళ్ల కప్పుల మీద తడిగుడ్డ పరిచినట్టు ఊరికే పడి ఉంది. వడ్రంగి ఒకసారి పైకి చూసి, ఈరోజు చెక్క ఆరదని గొణుక్కుంటూ కొట్టం తలుపు తీశాడు. వెనకాలే పదేళ్ల కూతురు వచ్చి నిలబడింది. బక్కపలచని పిల్ల. ఇంట్లో పిట్ట అని పిలుస్తారు.

“ఆ గోడ దగ్గరికెళ్లి పాడు. నేను చెక్కకి చిత్రిక పడుతూనే ఉంటా. ఈ చప్పుడు దాటి నీ గొంతు నాకు వినపడాలి.”

పిట్ట పాడింది. అతను కుడిచెవి అటు తిప్పాడు. ముప్పయ్యేళ్లు కోత మిషను పక్కన నిలబడి ఎడమచెవి ఎప్పుడో మొద్దుబారింది. కుడిది కూడా అదే దారిలో ఉంది. ఆ మాట ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోడు.

“ఏదీ? నీలో నువ్వే పాడుకుంటున్నావా? ఇంకా గట్టిగా!”

పిల్ల మెడనరాలు ఉబ్బాయి. చివరి మాట దగ్గర గొంతు బొంగురుపోయింది.

గుమ్మంలోంచి భార్య కేకేసింది. “మధ్యాహ్నం పాటల బృందంలో పాడాల్సిన పిల్లయ్యా అది! పొద్దున్నే సంతలో సరుకమ్మేదానిలా అరిపిస్తావేంటి?”

“ఇరవై రెండు మందిలో ఒకత్తి. అరవకపోతే ఎవడికి తెలుస్తుందే?”

“చేరేటప్పుడు టీచరమ్మ కాగితమిచ్చింది. చదివావా?”

“చదవక! తెల్లబట్టలు, అరగంట ముందు రావాలి, చెప్పకుండా మూడుసార్లు మానేస్తే పేరు కొట్టేస్తారు. అంతేగా.”

పిట్ట మేకుకి గుచ్చిన కాగితం వంక చూసింది.

ఆ పిల్లకో అలవాటుంది. ముద్ద నములుతూ కూడా ముక్కుతో కూనిరాగం తీస్తుంది. “తిండి దగ్గర పాటేంటే!” అని తల్లి కసురుతుంది. ఆ పొద్దున తల్లి కసరలేదు. కసరాల్సిన పని ఎందుకు పడలేదో అతనికి తట్టలేదు.

మధ్యాహ్నం హాల్లో మూడో వరసలో, కుడిచెవి వేదికకు వచ్చేలా కూర్చున్నాడు. రెండో వరస చివర పిట్ట నిలబడింది, మెడలో బృందం నీలం రిబ్బను. పాట మొదలైంది. అన్ని గొంతులూ ఒక్క గొంతులా వచ్చాయి. పిట్ట పెదాలు కదులుతున్నాయి. అతను ముందుకు వంగాడు, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ఎక్కడా కూతురు దొరకలేదు. పాటయ్యాక హాలంతా చప్పట్లు కొట్టింది. అతని చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి.

బయట వసారాలో టీచరమ్మను నిలదీశాడు. పిల్లలూ పెద్దలూ చుట్టూ ఉన్నారు.

“మా పిల్ల నోరు నొక్కేశారు! ఇంట్లో వీధి చివరిదాకా వినపడుతుంది. ఇక్కడికొస్తే మాటే రాదు!”

“లోపలికి రండి, మాట్లాడుకుందాం.”

“ఇక్కడే చెప్పండి. అందరూ విననీ.”

టీచరమ్మ పిట్ట వంక చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. “నెల రోజులుగా మీ అమ్మాయి పాడటం లేదండీ. పెదాలు కదుపుతోందంతే. ఎందుకమ్మా అనడిగితే, గట్టిగా పాడితే ఇక్కడ కలవదు, మెల్లగా పాడితే నాన్నకి వినపడదు అంది. ఇలా జరక్కూడదనే మీకు చేరేటప్పుడే రాసిచ్చాం. కాగితం వెనక వైపు.”

“ఏం రాశారు? పిల్లచేత గంగిరెద్దులా తల ఊపించమనా?”

“నాన్నా!” పిట్ట అరిచింది. ఆ అరుపు వసారా దాటి వీధిలోకి వెళ్లింది. “నీకు వినపడదని నేను అందరి మీదా అరవాలా?”

పిట్ట రిబ్బను తీసి, మడిచి, టీచరమ్మ చేతిలో పెట్టింది.

“ఉంచుకోమ్మా. పేరు నేను కొట్టెయ్యను,” అంది టీచరమ్మ.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

ఇంటికొచ్చాక అతను కొట్టంలోకి వెళ్లాడు. కాగితం మేకుకి గుచ్చి ఉంది. వెనక వైపు ఖాళీగా ఉందనుకుని ఎప్పుడో తలుపు కొలతలు పెన్సిలుతో రాసుకున్నాడు. ఆ అంకెల కింద సన్నటి అక్షరాలు. వెలుతురులోకి తెచ్చి చదివాడు.

‘ఇంట్లో విడిగా గొంతు పెంచి పాడించకండి. పక్కవాళ్ల గొంతు విని, అందులో తన గొంతు కలపడమే ఇక్కడ నేర్పేది. మీ పిల్ల గొంతు విడిగా వినపడకపోతే బాగా పాడుతున్నట్టే. ఇంటికొచ్చాక ఎలా పాడావని అడక్కండి, ఈరోజు ఏం విన్నావని అడగండి.’

భార్య వచ్చి పక్కన నిలబడింది. అతికించి పెట్టిన బల్ల మీద అరచెయ్యి ఆడించింది. “ఇందులో అతుకు కనపడితే నువ్వే మళ్లీ విప్పుతావు కదయ్యా,” అంది.

అతను కళ్లు తుడుచుకున్నాడు. అరచేతికంటిన చెక్కపొట్టు పడి కళ్లు ఇంకా మండాయి.

దీపాల వేళకి ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. అతను ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి, కంచం తీసుకుని, కుడిచెవి కూతురి వైపుండేలా కూర్చున్నాడు. ఈరోజు ఏం విన్నావని అడగాలనుకున్నాడు. తను అన్న మాటలు తప్ప ఆ పిల్ల ఇంకేం వినుంటుంది?

భార్య వడ్డించింది. పిట్ట తల వంచుకుని నములుతోంది. తల్లి ముద్ద చేతిలోనే ఆపింది. అతనూ నమలడం ఆపాడు.

కంచానికి వేలు తగిలిన చప్పుడు వినిపించింది. కూనిరాగం వినపడలేదు. ముగ్గురూ చివరి ముద్ద దాకా అలాగే తిన్నారు.