బావిలో చేద

మల్లమ్మ పొద్దున్నే పెరట్లో బావిగట్టు కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టింది. మాచవరం పక్కనున్న ఆ ఊళ్ళో ఇంటింటికీ కుళాయిలు వచ్చినా, బాలింత పురుడు తీరాక బావికి పూజ చేసి, చేద వేసి నీళ్ళు తోడితేగాని వంటింట్లో అడుగు పెట్టకూడదు. ఆ ఆనవాయితీ మీద మల్లమ్మకున్న పట్టింపు కోడలి కడుపు మీది కుట్ల మీద లేదు.

కోడలు శిరీషకు తల్లి లేదు. అందుకే పురుడు అత్తగారింట్లోనే జరిగింది. బిడ్డ అడ్డం తిరగడంతో పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అప్పట్నుంచి చూడవచ్చిన ప్రతి ఆడమనిషికీ మల్లమ్మ ఒకటే చెప్పేది. తన కోడలికి నొప్పులంటే తెలియవట, పడుకోబెట్టి కోసి తీశారట. తానైతే ముగ్గురినీ ఇంట్లోనే కని, పచ్చి బాలింతగానే మిరపకోతకు పోయిందట. వచ్చినవాళ్ళు నవ్వేవారు. గోడ అవతల పడుకున్న శిరీష దిండులో మొహం దాచుకునేది. పాలు చాలకపోయినా ఆపరేషన్ కోత వల్లేనట, బిడ్డ ఏడ్చినా ఆ కోత వల్లేనట. లారీ తోలి ఇంటికొచ్చిన ఆమె మొగుడు కిరణ్ మాత్రం ఏమీ విననట్టు ఫోను చూసుకునేవాడు.

"అత్తా, కుట్ల దగ్గర చెమ్మగా ఉంది. బరువెత్తొద్దన్నారు డాక్టరమ్మ. తాడు ముట్టుకుంటాను, ఇంకెవరన్నా తోడండి," అంది శిరీష.

"నొప్పులెటూ పడలా, చేదన్నా తోడవా? ఇంతకీ బిడ్డను కన్నది నువ్వా, ఆ డాక్టరమ్మా?"

శిరీష మొగుడి వైపు చూసింది. ఒక్క చేదకి ఇంత గొడవెందుకని కిరణ్ తల ఎత్తకుండానే గొణిగాడు. శిరీష ఈ నీళ్ళు తోడితేనన్నా తనను తల్లి అంటారేమో అనుకుని బావి దగ్గరికి నడిచింది.

చేద సగం దాకా వచ్చింది. అక్కడ గిలక ఆగింది. తాడు చేతుల్లోంచి జారిపోయి, చేద నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది. శిరీష పొత్తికడుపు పట్టుకుని గట్టు పక్కన కూలబడింది. చీర కుచ్చిళ్ళ మీద నెత్తురు మరక పెద్దదవుతోంది.

"ఇంతమాత్రానికేనా," అంది మల్లమ్మ. "ముగ్గురిని కన్నా నేను."

"ముగ్గురు కాదు, నలుగురిని."

అన్నది మల్లమ్మ మొగుడు పెదకోటయ్య. ఆడవాళ్ళ వ్యవహారాల్లో ఏనాడూ నోరెత్తని మనిషి, మనవరాలిని ఎత్తుకుని మంచం మీంచి లేచాడు.

"తొలిచూలు ఆడపిల్లే, మర్చిపోయావా? ఇట్టాగే అడ్డం తిరిగింది. బండి కట్టి ఆసుపత్రికి తీసుకుపోతానంటే, కోస్తారు, నలుగుర్లో పరువు పోయిద్దని మీ అమ్మ గడపకి అడ్డం కూర్చుంది. ఆ పిల్లను గుడ్డలో చుట్టి తీసుకుపోయింది నేనే."

తనకొక అక్క పుట్టిందని కిరణ్‌కి ఇప్పటిదాకా తెలియదు. అతను ఫోను పక్కన పడేసి పెళ్ళాన్ని రెండు చేతులా ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు, ఆటో కోసం.

మల్లమ్మ బావిగట్టు మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఎవరడిగినా ముగ్గురనే చెప్పింది. ఆ చచ్చిన బిడ్డను తలుచుకోలేకే, బతికినవాళ్ళను కన్న తీరును గొప్పగా చెప్పుకుంది. ఆనాడు తనకు అందని డాక్టరు కత్తి ఈనాడు కోడలికి అందిందని ఆమె మీద కడుపుమంట తీర్చుకుంది.

"కోసుంటే బతికేది కదయ్యా," అంది చివరికి, ఏడుస్తూ.

పెదకోటయ్య మనవరాలిని ఆమె ఒళ్ళో పెట్టాడు.

సాయంత్రానికి మళ్ళీ కుట్లు వేయించుకుని శిరీష ఇంటికొచ్చింది. అత్త పట్టుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకుని, గోడ పట్టుకునే లోపలికి పోయింది. పక్కింటి వీరరాఘవమ్మ గోడ మీంచి తొంగిచూసి, నొప్పులు పడని బాలింతకి ఇంత సుకుమారమేందని నవ్వబోయింది.

"నేను నలుగురిని కన్నా వదినా," అంది మల్లమ్మ, లోపల శిరీషకు వినపడేలా. "ఒకదాన్ని కోసి తియ్యనీలా. అందుకే ముగ్గురే ఉన్నారు."