పదో నిమిషం ముల్లు

రసూల్ సాబ్‌ను పట్టపగలు పదిన్నరకు చంపేశారు. ఆదోని బజారులోని తన గడియారాల కొట్టులో, కంటికి భూతద్దం పెట్టుకుని వంగి ఉన్నవాణ్ని, వెనక నుంచి ఒకే ఒక్క గుండుతో. సైలెన్సర్ పిస్తోలు. పక్క కొట్టువాడికి కూడా వినబడలేదు.

మధ్యాహ్నానికల్లా ఏజెంట్ సిరాజుద్దీన్ పత్తి దళారీ వేషంలో ఊళ్లో దిగాడు. 1979 ఏప్రిల్. తారు కరిగే ఎండ. పోస్టాఫీసు ఫోనులో చీఫ్ గొంతు ముక్తసరిగా పలికింది.

"మూడేళ్లలో ముగ్గురు డిఫెన్స్ సైంటిస్టులు పోయారు. ముగ్గురికీ ఒకటే పిచ్చి. పాత క్రోనోగ్రాఫ్‌లు సేకరించడం."

చేతి గడియారంలోనే స్టాప్‌వాచీ కూడా ఉండే రకం అది. పక్కన రెండు మీటలు, డయల్ లోపల బుల్లి డయళ్లు.

"అరుదైన పీసు చూపిస్తామని విదేశీ ముఠా ఆశపెడుతుంది. చూడబోయినవాడు బతకడు. ముఠాలో మన మనిషి వహీదా ఉంది. ఆమె చెప్పినట్టు చెయ్."

రసూల్ సాబ్ భార్య కుల్సుంబీ ఏడవడం లేదు. కళ్లు ఎర్రగా, పొడిగా ఉన్నాయి.

"నిమిషాల ముల్లు పదికాడికొస్తానే కరెంటు తీగకు తగలాల, అట్ల చేసియ్యమని ఎవురో వచ్చి అడిగినారంటప్పా. మాయన వాచీలు బాగుజేసేటోడు, మనుషుల్ని సంపేటోడు గాదు. కుదర్దన్నాడు. ఎమ్మిగనూరు సోమప్ప డాక్టరుకు సూపేదానికంట ఆ వాచీ. వాళ్లను ఇడిసిపెట్టొద్దు."

బస్టాండులో వహీదా ఎదురైంది. నల్ల కళ్లద్దాలు, నీలం షిఫాన్ చీర, ఘాటైన సెంటు.

"మీ గడియారం నిలిచిపోయిందా?" కోడ్.

"లేదు. ఎండకు మందగించింది." జవాబు.

"రేపు. మద్దికెరలో. ఇప్పుడే పోయి కాపు కాయి."

మద్దికెర దక్షిణాన. ఎమ్మిగనూరు ఉత్తరాన. మొగుడి శవం పక్కన కూర్చున్న మనిషికి అబద్ధంతో పనేముంది? సిరాజుద్దీన్ మద్దికెర బస్సెక్కాడు. మొదటి మలుపులోనే దిగాడు. మాదన్న అనే డ్రైవరు జీపు దొరికింది.

"ఎమ్మిగనూరు. ఎంత తొందరగా పోతావ్?"

"గట్టిగా పట్టుకోన్నా," అన్నాడు మాదన్న.

ఊరి చివర రాతి బంగళా. క్షిపణుల సైంటిస్టు డాక్టర్ సోమప్ప సెలవులో సొంతూరొచ్చి ఉన్నాడు. గేటు లోపల కారు, వరండాలో వహీదా. సిరాజుద్దీన్‌ను చూసి ఆమె చేయి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ఆమెను పక్కకు తోసి అతను లోపలికి దూకాడు.

బల్లమీద బరువైన చెక్కపెట్టె. దానికి మరలతో బిగించిన క్రోనోగ్రాఫ్. సోమప్ప మైమరచి చూస్తున్నాడు.

"తాకొద్దప్పా! పది నిమిషాలు నడిపి సూడమనె ఆయమ్మ. ఇప్పుడే వస్తానని బయటికి పోయె."

నిమిషాల ముల్లు తొమ్మిది దాటింది. సెకన్ల ముల్లు యాభై మీద ఉంది.

"అది బాంబు!"

బయట నుంచి వహీదా కేక. "సిరాజ్! పైమీట నొక్కు, ఆగిపోతుంది!"

అతను తల తిప్పి చూశాడు. ఆమె రాతిస్తంభం చాటున నక్కి ఉంది. ఆగిపోయేదైతే దాక్కోవడమెందుకు?

యాభై నాలుగు.

"డాక్టర్, నడుస్తుండగా కింది మీట నొక్కితే?"

"మామూలు వాటికైతే మీట కదల్దు," అన్నాడు సోమప్ప. "ఇది పైలట్లది. ముళ్లన్నీ సున్నాకు ఎగిరి మళ్లా మొదలైతాయి."

యాభై తొమ్మిది. సిరాజుద్దీన్ కింది మీట నొక్కాడు.

టిక్. ముళ్లన్నీ సున్నాకు ఎగిరాయి.

ఇంకో పది నిమిషాలు. పెట్టెను పొట్టకు కరుచుకుని దున్నిన నల్లరేగడి చేని నడుమకు పరుగెత్తాడు. దింపి, వెనక్కి పరుగెత్తాడు. గేటుకడ్డంగా జీపు పెట్టిన మాదన్న, వహీదా పిస్తోలును జాకీరాడ్డుతో ఎగరగొట్టి ఆమెను కారుకు అదిమి పట్టుకుని ఉన్నాడు.

"పైది నొక్కి చావాల్సింది నువ్వు," ఆమె పళ్లు కొరికింది.

"నా పక్కన నిలబడి చెప్పుంటే నొక్కేవాణ్ని."

పదో నిమిషానికి చేను దద్దరిల్లింది. మట్టిపెళ్లలు బంగళా కప్పు మీద వానలా రాలాయి. సోమప్ప మెట్ల మీద కూలబడి గుంత వైపే చూస్తున్నాడు.

"లోకంలో అట్లాటివి ఏడే ఉండాయప్పా," అన్నాడు.

"ఆరు, డాక్టర్," అన్నాడు సిరాజుద్దీన్.