ఇత్తడి కొక్కెం

వియన్నాలో ట్రామ్ దిగుతూనే తూటా తగిలి కూలిన ఏజెంట్ బ్రూనో, ప్రాణం పోయేలోగా ఒక్క మాటే అన్నాడు: "పుస్తకం."

ఆ మధ్యాహ్నమే కర్నల్ ప్రొహాస్కా గది తలుపు గడియపెట్టి, తన మరో ఏజెంట్ వెండెలిన్ ముందు ఒక పుస్తకం ఫోటో పడేశాడు. తోలు అట్ట, దాన్ని మూసి ఉంచే రెండు ఇత్తడి కొక్కేలు.

"బైబిల్లోని యోబు గ్రంథం మీద నీతి వ్యాఖ్యానం. తోలు కాగితాల మీద లాటిన్ చేతిరాత. యుద్ధంలో పోయింది. ఇప్పుడు సరిహద్దు అవతలివాళ్లు మర్యాదగా తిరిగిస్తున్నారు, నీ పాత మఠానికే."

"వాళ్లకి మర్యాద ఎప్పట్నుంచి?"

"అందుకే నిన్ను పంపుతున్నా. గురువారం సభలో దాన్ని తెరిచేది మఠాధిపతి ఫాదర్ ఒడీలో."

వెండెలిన్ ఫోటో మీంచి తలెత్తాడు. హంగరీ నుంచి పారిపోయి వచ్చినవాళ్లను నిరుడంతా దాచింది ఆయనే. అవతలి ముఠా ఆయన మీద పళ్లు నూరుతోంది. సన్యాసం మధ్యలో వదిలేసిన వెండెలిన్‌కు ఒకప్పుడు లాటిన్ నేర్పిందీ ఆయనే.

ముఠాలో మన తరఫు మనిషి ఒకామె ఉందని, డాక్టర్ రోస్విథా క్రాల్ అని, నిప్పుకోడి గురించి అడిగితే సంకేతం చెబుతుందని కర్నల్ ముగించాడు.

వెండెలిన్ నల్ల అంగీ తొడుక్కుని అతిథి సన్యాసిలా మఠంలో దిగాడు. చంకలో ప్రార్థన పుస్తకం, దాని పేజీలు తొలిచిన గూట్లో పిస్తోలు. చూపుకు అందరూ దొంగల్లాగే ఉన్నారు. అందరికంటే ఎక్కువగా లైబ్రేరియన్ ఫాదర్ కొర్బినియన్. ఆయనకు ఒకటే చెమటలు, తాళంచెవి పిడికిట్లోంచి వదలడం లేదు.

పుస్తకం అసలుదేనని ధ్రువీకరించే నిపుణురాలిగా రోస్విథా వచ్చింది. ఆకుపచ్చ పట్టు గౌను, హాలంతా అత్తరు.

"ఆ వ్యాఖ్యానంలో నిప్పుకోడి అంటే ఎవరు డాక్టర్?" అన్నాడు పక్కన చేరి.

"వేషధారి. రెక్కలుంటాయి, ఎగరదు." నవ్వింది. "మీకు ఈ అంగీ భలే నప్పింది బ్రదర్. ఆ లైబ్రేరియన్ని మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉండండి."

సంకేతం సరిపోయింది. అయినా అతని మనసు కుదుటపడలేదు.

సభ మొదలైంది. బయట రెండ్రోజులుగా ముసురు. రోస్విథా రెండు వేళ్లతో పై కొక్కెం చటుక్కున తీసి, కిందిది తమరే తీయాలి ఫాదర్ అంటూ, తాను ఫోటోలకు అడ్డమని తలుపు వైపు వెనక్కి నడిచింది.

వెండెలిన్ చూపు ఆ అట్ట మీదే నిలిచిపోయింది. తోలు కాగితం తేమకు ఉబ్బుతుంది. అరచేత్తో అట్టను అదిమిపెట్టి గానీ కొక్కెం తీయరు. మరిచిపోయినందుకు ఒడీలో చేతిలో అతను ఎన్ని మొట్టికాయలు తిన్నాడో లెక్కలేదు. నిపుణురాలు అదమలేదు. కొక్కెం ఊడినా అట్ట వెంట్రుకవాసి లేవలేదు. లోపల ఉన్నది తోలు కాదు. తన చంకలో ఉన్నటువంటి, లోపల తొలిచిన పుస్తకమే అది.

ఒడీలో వేలు కింది కొక్కెం మీద ఉంది. వెండెలిన్ ఆ చేతిని లాగేసి, పుస్తకాన్ని కిటికీలోంచి చేపల చెరువులోకి విసిరాడు. నీటిని తాకిన దెబ్బకు కింది కొక్కెం ఊడింది, మఠం అదిరింది. నీళ్లు కప్పుదాకా లేచాయి.

రోస్విథా తలుపు లాగింది. రాలేదు. చేతిరాత గ్రంథం బల్లమీద ఉన్నంతసేపూ హాలుకు తాళం వేసి ఉంచడం ఆ మఠం ఆచారం. కొర్బినియన్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పాపం, ఆయన చెమటలు స్వాగతోపన్యాసం చదవాలన్న భయంతోనట.

"రెండు వైపులా జీతం తీసుకున్నారా?" అన్నాడు వెండెలిన్, పిస్తోలు చూపిస్తూ. "బ్రూనోని పట్టిచ్చిందీ మీరేనా?"

ఆమె తలవంచుకుని కారు తాళంచెవి బల్లమీద పెట్టింది. అసలు గ్రంథం ఆమె కారు డిక్కీలో, దుప్పటి కింద దొరికింది. ఒడీలో దాన్ని గుండెలకు హత్తుకున్నాడు. తర్వాత అరచేత్తో అదిమి కొక్కెం తీశాడు. ఎనిమిది వందల ఏళ్ల తోలు నిట్టూర్చినట్టు లేచింది.

"అప్పట్లో నిన్ను ఇంకో రెండు మొట్టాల్సింది రా," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "ఇంకాస్త ముందే కనిపెట్టేవాడివి."

మర్నాడు శుక్రవారం, మాంసం మాని చేపలు తినే రోజు. మఠంలో అందరికీ కడుపునిండా ఆ చెరువు చేపలే. ముళ్లతోపాటు అక్కడక్కడ ఇత్తడి ముక్కలూ ఏరుకోవలసి వచ్చింది.